సొంత కెర్నెల్‌కి పీఎంయూ సపోర్ట్ పెట్టడం: మొదటి రిజిస్టర్ నుంచి శాంపిలింగ్ దాకా

కెర్నెల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగం, రాసే ప్రతి ఒక్కరికీ ఈ పరిస్థితి ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. కోడ్ పనిచేస్తోంది కానీ నెమ్మదిగా ఉంది, ఎందుకో తెలీదు. టైమర్ పెట్టి చూస్తే ఫలానా ఫంక్షన్‌కి ఇన్ని మైక్రోసెకన్లు పట్టిందని తెలుస్తుంది, అంతే. ఆ సమయం క్యాష్ మిస్సుల్లో (కావలసిన డేటా ప్రాసెసర్ దగ్గరి చిన్న మెమరీలో దొరకకపోవడం) పోయిందా, బ్రాంచ్ ప్రిడిక్షన్ (కోడ్ ఎటు దూకుతుందో ముందే ఊహించడం) తప్పి పోయిందా, లేక నిజంగానే అన్ని ఇన్‌స్ట్రక్షన్లు నడిచాయా అన్న లెక్క ప్రాసెసర్ దగ్గర మాత్రమే ఉంటుంది. 1993 నాటి పెంటియం నుంచీ ఆ లెక్క చిప్‌లోనే ఉంది, ఆ లెక్కపెట్టే భాగాన్నే పీఎంయూ, అంటే పెర్ఫార్మెన్స్ మానిటరింగ్ యూనిట్ అంటారు. అప్పట్లో ఇంటెల్ ఆ రిజిస్టర్ల వివరాలు బయటపెట్టలేదు, మరుసటి ఏడాది టెర్యే మాథిసెన్ అనే ప్రోగ్రామర్ తవ్వి తీసి పత్రికలో రాస్తే గానీ మామూలు జనానికి తెలియలేదు. ఇప్పుడు ఆ ఇబ్బంది లేదు, అంతా మాన్యువల్‌లో ఉంది. కాకపోతే మాన్యువల్ ఏ బిట్ ఏం చేస్తుందో చెబుతుంది గానీ కెర్నెల్‌లో ఏ పని ముందు, ఏది తర్వాత అన్నది చెప్పదు. ఈ గైడ్ అందుకే రాస్తున్నాను.

ముందే ఒక మాట. కౌంటర్‌ని తిప్పడం ఒక పూట పని. అసలు కష్టం రెండు చోట్ల ఉంది: థ్రెడ్లు మారేటప్పుడు ఎవరి లెక్క వాళ్లకి రాయడం ఒకటి, కౌంటర్ నిండినప్పుడు వచ్చే ఇంటరప్ట్‌ని పట్టుకోవడం రెండోది. లైనక్స్‌కే ఇది తేలడానికి ఏళ్లు పట్టింది. 2002లో ఈ కౌంటర్లు వాడే ఓప్రొఫైల్ అనే సాధనం కెర్నెల్‌లోకి వచ్చింది, ఆ తర్వాత స్టెఫాన్ ఎరానియన్ పెర్ఫ్‌మాన్2 చాలాకాలం ప్రధాన కెర్నెల్ బయటే ఉండిపోయింది, చివరికి థామస్ గ్లైక్స్‌నర్, ఇంగో మోల్నార్ మొదలుపెట్టిన పెర్ఫ్ 2009లో 2.6.31 వెర్షన్‌తో లోపలికి వచ్చి నిలబడింది. కాబట్టి మీకు రెండు వారాలు పడితే టెన్షన్ పడకండి.

ఇక్కడ ఇంటెల్ 64-బిట్ ప్రాసెసర్లనే తీసుకుంటున్నాను. మీ కెర్నెల్‌లో థ్రెడ్లు, లోకల్ ఏపిక్ (ప్రతి కోర్‌కీ ఉండే ఇంటరప్ట్ కంట్రోలర్), ఎంఎస్ఆర్‌లు (ప్రాసెసర్ సెట్టింగుల రిజిస్టర్లు) చదివి రాసే చిన్న ఫంక్షన్లు ఇప్పటికే ఉన్నాయని అనుకుంటున్నాను. రిజిస్టర్, ఈవెంట్, మాస్క్ నంబర్లన్నీ హెక్స్‌లోనే ఇస్తాను, ప్రతిసారీ హెక్స్ అని చెప్పకపోవచ్చు.

అడుగు 1: సరైన మెషీన్ ఎంచుకోండి

చాలామంది ఇక్కడే ఒక రోజు పోగొట్టుకుంటారు. క్యూఈఎంయూ అనే వర్చువల్ మెషీన్ ప్రోగ్రామ్‌ని మామూలుగా, అంటే కేవీఎం (అసలు ప్రాసెసర్ మీదే గెస్ట్‌ని నడిపే లైనక్స్ సదుపాయం) లేకుండా సాఫ్ట్‌వేర్ ఎమ్యులేషన్‌తో నడిపితే ఎక్స్86 పీఎంయూ అసలు ఉండదు. కౌంటర్ల గురించి అడిగితే అన్నీ సున్నాలే వస్తాయి. కేవీఎం ఆన్ చేసి, సీపీయూ మోడల్‌గా హోస్ట్ అని ఇస్తే అసలు ప్రాసెసర్ కౌంటర్లు గెస్ట్‌కి కనిపిస్తాయి. అద్దెకి తీసుకున్న క్లౌడ్ వర్చువల్ మెషీన్లలో చాలాచోట్ల పీఎంయూని మూసేసి ఉంచుతారు, దాని మీద ఆశ పెట్టుకోకండి. ఇంట్లో పడి ఉన్న పాత ఇంటెల్ ల్యాప్‌టాప్, ఒక పెన్‌డ్రైవ్ ఉంటే చాలు, ఆఖరి పరీక్షలకి అదే మంచిది.

అడుగు 2: ఏముందో ప్రాసెసర్‌నే అడగండి

మోడల్ నంబర్ చూసి కౌంటర్లు ఇన్ని ఉంటాయని ఊహించి రాసిన కోడ్ తర్వాత తప్పకుండా ఏడిపిస్తుంది. ప్రాసెసర్ తన వివరాలు చెప్పే సీపీయూఐడీ ఇన్‌స్ట్రక్షన్‌లో హెక్స్ 0ఏ అనే లీఫ్ (ప్రశ్న నంబర్) ఉంది, దాన్నే అడగాలి. ముందు లీఫ్ 0 అడిగి, గరిష్ఠ లీఫ్ కనీసం 0ఏ ఉందో లేదో చూసుకోండి.

జవాబులో ఈఏఎక్స్ రిజిస్టర్ కింది 8 బిట్లు పీఎంయూ వెర్షన్, తర్వాతి 8 బిట్లు ఒక్కో లాజికల్ ప్రాసెసర్‌కి ఎన్ని ప్రోగ్రామబుల్ కౌంటర్లు ఉన్నాయో, ఆపై 8 బిట్లు ఆ కౌంటర్ ఎన్ని బిట్ల వెడల్పో, చివరి 8 బిట్లు ఈబీఎక్స్‌లో ఎన్ని బిట్లకి అర్థం ఉందో చెబుతాయి. ఈడీఎక్స్ కింది 5 బిట్లు ఫిక్స్‌డ్ కౌంటర్ల సంఖ్య, తర్వాతి 8 వాటి వెడల్పు. ఈబీఎక్స్ దగ్గర జాగ్రత్త, అక్కడ లెక్క తిరగబడి ఉంటుంది: బిట్ 1 అయితే ఆ ఈవెంట్ (క్యాష్ మిస్ లాంటి, లెక్కపెట్టదగ్గ సంఘటన) లేదని అర్థం, 0 అయితే ఉందని. నేను మొదటిసారి దీన్ని ఉల్టా చదివి, ఉన్న ఈవెంట్లన్నీ లేవని నమ్మి ఒక సాయంత్రమంతా వృథా చేశాను.

వెర్షన్ 0 వస్తే పీఎంయూ లేదని ఒక లైన్ ప్రింట్ చేసి మర్యాదగా ఆగిపోవాలి, ముందుకెళ్లి లేని ఎంఎస్ఆర్‌లో రాస్తే జనరల్ ప్రొటెక్షన్ ఫాల్ట్ వచ్చి కెర్నెల్ అక్కడికక్కడే పడిపోతుంది. వెర్షన్ 2 లేదా ఆపైన ఉంటే గ్లోబల్ కంట్రోల్ రిజిస్టర్లు దొరుకుతాయి. ఈ గైడ్ అంతా వాటి మీదే ఆధారపడింది, వెర్షన్ 1 కోసం వేరే దారి రాయాలనుకోవడం ఈ రోజుల్లో అనవసరం.

కౌంటర్ల సంఖ్యని మార్పులేని సంఖ్యగా కోడ్‌లో రాసేయకండి. ఇంటెల్ శాండీ బ్రిడ్జ్ తరం నుంచి స్కైలేక్ దాకా హైపర్‌థ్రెడింగ్ (ఒక కోర్ రెండు లాజికల్ ప్రాసెసర్లుగా కనిపించడం) ఆన్‌లో ఉంటే లాజికల్ ప్రాసెసర్‌కి 4, ఆఫ్ చేస్తే 8. ఆల్డర్ లేక్ తరం నుంచి అయితే ఒకే చిప్‌లో రెండు రకాల కోర్లు, వాటి పీఎంయూలు వేర్వేరు. అందుకని ఈ వివరాలన్నీ గ్లోబల్ వేరియబుల్‌లో కాకుండా ఒక్కో సీపీయూకి ఉన్న స్ట్రక్చర్‌లో దాచుకోండి, ప్రతి కోర్ బూట్ అయ్యేటప్పుడు అదే సొంతంగా అడిగి నింపుకోవాలి.

అడుగు 3: ఫిక్స్‌డ్ కౌంటర్లతో మొదలుపెట్టండి

వీటికి ఏ ఈవెంట్ లెక్కపెట్టాలో చెప్పే పనే లేదు. హెక్స్ 309లో పూర్తయిన ఇన్‌స్ట్రక్షన్లు, 30ఏలో కోర్ సైకిళ్లు, 30బీలో రిఫరెన్స్ సైకిళ్లు (వేగం మారని గడియారం సైకిళ్లు). కంట్రోల్ రిజిస్టర్ 38డీ, అందులో కౌంటర్‌కి 4 బిట్లు: మొదటిది కెర్నెల్ మోడ్‌లో లెక్కించు, రెండోది యూజర్ మోడ్‌లో లెక్కించు, నాలుగోది నిండితే ఇంటరప్ట్ ఇవ్వు. మూడింటినీ రెండు మోడ్లలో లెక్కపెట్టాలంటే హెక్స్ 333 రాస్తే సరి. తర్వాత 38ఎఫ్, అంటే గ్లోబల్ కంట్రోల్‌లో 32, 33, 34 బిట్లు పెట్టండి, కౌంటర్లు తిరగడం మొదలవుతుంది.

ఈ గ్లోబల్ కంట్రోల్ ఇంటి మెయిన్ స్విచ్ లాంటిది. విడివిడి స్విచ్‌లు వేసి ఉన్నా మెయిన్ ఆఫ్‌లో ఉంటే ఏదీ తిరగదు. దీన్ని మర్చిపోయి కౌంటర్ సున్నా దగ్గరే ఆగిపోయిందని వెతుక్కోవడం అందరికీ జరిగేదే. ఇంకో సంగతి, ఇవన్నీ ఆ కోర్‌కి మాత్రమే. సీపీయూ 0 మీద రాసింది సీపీయూ 1కి తెలీదు.

అడుగు 4: జవాబు తెలిసిన లూప్‌తో పరీక్షించండి

ఇది దాటేసి వెళ్లకండి, బతిమాలి చెబుతున్నాను. రెండే ఇన్‌స్ట్రక్షన్లున్న లూప్ అసెంబ్లీలో రాయండి: ఒక రిజిస్టర్‌ని ఒకటి తగ్గించు, సున్నా కాకపోతే వెనక్కి దూకు. ఇంటరప్టులు ఆపి, దాన్ని కోటిసార్లు తిప్పండి. ముందూ వెనకా ఇన్‌స్ట్రక్షన్ కౌంటర్ చదివితే తేడా 2 కోట్ల పైన కొన్ని పదులు మాత్రమే ఉండాలి, ఆ కొన్ని పదులు మీరు కౌంటర్ చదివే కోడ్ వల్ల వచ్చినవి. 2 కోట్లకి బదులు 2 కోట్ల 3 లక్షలు వచ్చిందంటే ఇంటరప్టులు ఆగలేదు. 1 కోటి వచ్చిందంటే మీ అసెంబ్లీ మీరనుకున్నది కాదు, డిస్‌అసెంబుల్ చేసి చూడండి.

అదే సమయంలో కోర్ సైకిళ్లకీ రిఫరెన్స్ సైకిళ్లకీ ఉన్న నిష్పత్తి చూడండి. టర్బోలో ఉంటే మొదటిది ఎక్కువ, పవర్ ఆదా చేస్తుంటే తక్కువ. ప్రాసెసర్ హాల్ట్‌లో నిద్రపోతున్నప్పుడు ఈ రెండూ కదలవు, కాబట్టి ఖాళీగా ఉన్న కోర్‌లో సైకిళ్లు గడియారంతో కలవడం లేదని కంగారు పడక్కర్లేదు.

ఈ పరీక్షని బూట్ సమయంలో నడిచే సెల్ఫ్ టెస్ట్‌గా శాశ్వతంగా ఉంచేయండి. తర్వాత ఏ మార్పు చేసినా ఇది ముందు పట్టేస్తుంది.

అడుగు 5: ప్రోగ్రామబుల్ కౌంటర్లు

ఈవెంట్ సెలెక్ట్ రిజిస్టర్లు హెక్స్ 186 నుంచి వరసగా, కౌంటర్లు సీ1 నుంచి వరసగా ఉంటాయి. సెలెక్ట్‌లో కింది 8 బిట్లు ఈవెంట్, తర్వాతి 8 దాని ఉపవిభాగం తెలిపే మాస్క్, 16వ బిట్ యూజర్ మోడ్, 17 కెర్నెల్ మోడ్, 20 ఇంటరప్ట్, 22 ఎనేబుల్. ఆఖరి స్థాయి క్యాష్ మిస్సులకి ఈవెంట్ 2ఈ, మాస్క్ 41. కాబట్టి ఇంటరప్ట్ లేకుండా రెండు మోడ్లలో లెక్కించాలంటే హెక్స్ 43412ఈ, ఇంటరప్ట్‌తో కావాలంటే 53412ఈ. పూర్తయిన బ్రాంచ్‌లకి ఈవెంట్ సీ4, తప్పిన బ్రాంచ్‌లకి సీ5, రెండింటికీ మాస్క్ సున్నా. ఇందాకటి లూప్ మీద సీ4 పెడితే దాదాపు కోటి రావాలి, సీ5 పదుల్లో ఉండాలి.

ఒక్కో ప్రాసెసర్ తరానికి వందల కొద్దీ వేరే ఈవెంట్లు ఉన్నాయి, వాటి పట్టిక అంతా కెర్నెల్‌లో పెట్టే పని మాత్రం చేయకండి. తరాలు మారినా మారనివి ఏడు ఉన్నాయి, ఈబీఎక్స్ చెప్పేది వాటి గురించే. కెర్నెల్‌లో వాటికి పేర్లిచ్చి, మిగతావి ముడి నంబర్‌గా యూజర్ ప్రోగ్రామ్ నుంచి తీసుకోండి.

అడుగు 6: థ్రెడ్ మారినప్పుడు ఎవరి లెక్క వాళ్లకి

అద్దె ఇంట్లో కరెంట్ మీటర్ గుర్తు చేసుకోండి. కొత్తవాళ్లు దిగేటప్పుడు మీటర్‌ని ఎవరూ సున్నా చేయరు, రీడింగ్ రాసుకుంటారు, ఖాళీ చేసేటప్పుడు మళ్లీ చూసి తేడాకి బిల్లు కడతారు. లెక్కించడం వరకే అయితే కౌంటర్ల విషయంలోనూ అంతే చేయండి. థ్రెడ్ సీపీయూ మీదకి రాగానే కౌంటర్ చదివి దాని స్ట్రక్చర్‌లో మొదటి రీడింగ్‌గా రాయండి, దిగేటప్పుడు మళ్లీ చదివి తేడాని థ్రెడ్ మొత్తానికి కలపండి. ఎక్కిన కోర్ మీదే దిగే రీడింగ్ కూడా తీసుకుంటారు కాబట్టి, థ్రెడ్ మధ్యలో వేరే కోర్‌కి వెళ్లినా లెక్క చెడదు.

తేడా తీసేటప్పుడు కౌంటర్ వెడల్పు మర్చిపోవద్దు. 48 బిట్ల కౌంటర్ నిండి మళ్లీ సున్నా నుంచి మొదలైతే మామూలు 64-బిట్ తీసివేత పెద్ద చెత్త సంఖ్య ఇస్తుంది, ఫలితాన్ని కింది 48 బిట్లకి పరిమితం చేయాలి. 400 కోట్ల హెర్ట్జ్ మీద 48 బిట్లు నిండడానికి దాదాపు 19న్నర గంటలు పడుతుంది, అందుకే ఈ బగ్ పరీక్షల్లో అస్సలు కనిపించదు, మెషీన్ రాత్రంతా నడిచాక బయటపడుతుంది. కావాలని కౌంటర్‌ని నిండే అంచున పెట్టి ఒకసారి పరీక్షించండి.

స్విచ్ చేసే కోడ్‌లో ఈ పని ఎక్కడ పెట్టాలి? ప్రస్తుత థ్రెడ్ పాయింటర్ మారే ముందు దిగే రీడింగ్, మారిన వెంటనే ఎక్కే రీడింగ్, రెండూ ఇంటరప్టులు ఆపి ఉన్నప్పుడే. ఏ థ్రెడ్‌కీ కౌంటర్ అవసరం లేనప్పుడు ఒక్క ఫ్లాగ్ చూసి తప్పుకోవాలి, ఎందుకంటే ఎంఎస్ఆర్ చదవడం చవక కాదు, వాడని సదుపాయానికి ప్రతి స్విచ్‌లోనూ ఖర్చు పెట్టడం నాకైతే తప్పనిపిస్తుంది.

ఇంకో కోర్ మీద ఇప్పుడు నడుస్తున్న థ్రెడ్ లెక్క ఎవరైనా అడిగితే మీ కోర్ నుంచి దాన్ని చదవలేరు. ఆ కోర్‌కి ఇంటర్‌ప్రాసెసర్ ఇంటరప్ట్ పంపి దాని చేతే చదివించాలి. ఆ ఇంటరప్ట్ చేరేలోపు థ్రెడ్ దిగిపోయి ఉండొచ్చు, అప్పుడు దాచిన మొత్తాన్నే ఇవ్వాలి. ఈ చిన్న రేస్ కోసం ముందే లాక్ ఆలోచించుకోండి.

అడుగు 7: నిండినప్పుడు ఇంటరప్ట్

శాంపిలింగ్ ఆలోచన సులువైనదే. ప్రతి 30 లక్షల సైకిళ్లకి ఒకసారి కోడ్ ఎక్కడుందో చూడాలంటే కౌంటర్‌లో మైనస్ 30 లక్షలు రాసి వదలండి, నిండగానే ఇంటరప్ట్ వస్తుంది, అప్పటి ఇన్‌స్ట్రక్షన్ పాయింటర్ రాసుకోండి, మళ్లీ మైనస్ 30 లక్షలు పెట్టండి. 300 కోట్ల హెర్ట్జ్ మీద అది సెకనుకి సుమారు వెయ్యి శాంపిళ్లు. సీ1 దగ్గర ఒక చిక్కుంది: అక్కడ మీరు రాసే విలువలో కింది 32 బిట్లే వెళతాయి, పైవి 31వ బిట్‌ని చూసి నిండుతాయి. పూర్తి వెడల్పు రాయాలంటే హెక్స్ 345లో 13వ బిట్ ఉందో లేదో చూసి, ఉంటే 4సీ1 నుంచి మొదలయ్యే రిజిస్టర్లు వాడాలి.

ఇంటరప్ట్ ఎటు వెళ్లాలో లోకల్ ఏపిక్‌లో ఆఫ్‌సెట్ హెక్స్ 340 దగ్గర చెప్పాలి. మొదట మామూలు వెక్టర్ (ఇంటరప్ట్ నంబర్) ఇవ్వండి, డీబగ్ చేయడం తేలిక. హ్యాండ్లర్‌లో వరస ఇలా ఉండాలి: 38ఎఫ్‌లో సున్నా రాసి అన్నీ ఆపు, 38ఈ చదివి ఏవి నిండాయో చూడు, అవే బిట్లు 390లో రాసి స్టేటస్ చెరుపు, శాంపిల్ రాసుకుని కౌంటర్ మళ్లీ నింపు, ఏపిక్ ఎంట్రీని మళ్లీ రాయి, చివర్లో 38ఎఫ్ తెరువు. మామూలు వెక్టర్ కాబట్టి ఈఓఐ (ఇంటరప్ట్ పని అయిపోయిందని ఏపిక్‌కి చెప్పే సంకేతం) కూడా పంపాలి.

ఆ మధ్యలో చెప్పిన ఏపిక్ ఎంట్రీ మళ్లీ రాయడం చాలా ముఖ్యం. పీఎంయూ ఇంటరప్ట్ ఇవ్వగానే హార్డ్‌వేర్ ఆ ఎంట్రీలో మాస్క్ బిట్ తనే పెట్టేసుకుంటుంది. మీరు తీసేయకపోతే మొదటి శాంపిల్ చక్కగా వస్తుంది, రెండోది ఎప్పటికీ రాదు. నాకు సరిగ్గా ఇదే జరిగి రెండు రాత్రులు కౌంటర్‌నీ, స్టేటస్‌నీ, ఐడీటీ అనే ఇంటరప్ట్ పట్టికనీ అనుమానించాను, మాస్క్ బిట్ వైపు చూడనే లేదు. ఒకే ఒక్క శాంపిల్ వచ్చి ఆగిపోతే ముందు అక్కడే చూడండి.

అడుగు 8: ఎన్ఎంఐకి మారడం

మామూలు వెక్టర్‌తో తీసిన ప్రొఫైల్‌లో ఒక వింత కనిపిస్తుంది. ఇంటరప్టులు తిరిగి తెరిచే ఇన్‌స్ట్రక్షన్ దగ్గర శాంపిళ్లు గుట్టగా పడి, అదే అన్నిటికంటే ఖరీదైన కోడ్ అన్నట్టు ఉంటుంది. ఇంటరప్టులు మూసి ఉన్నంతసేపు శాంపిళ్లు బయట నిలబడి, తలుపు తెరవగానే లోపలికి వచ్చాయి, అంతే. స్పిన్‌లాక్‌ల లోపల ఏం జరుగుతోందో చూడాలంటే నాన్ మాస్కబుల్ ఇంటరప్ట్ (ఎన్ఎంఐ), అంటే మూయడానికి వీల్లేని ఇంటరప్ట్, తప్పదు. 340 దగ్గర హెక్స్ 400 రాస్తే డెలివరీ ఎన్ఎంఐ అవుతుంది, దీనికి ఈఓఐ అక్కర్లేదు. రాయడం ఒక్క లైనే, దాని వెనక జాగ్రత్తలే ఎక్కువ.

ఎన్ఎంఐ ఎక్కడైనా రావచ్చు, సిస్కాల్ (యూజర్ ప్రోగ్రామ్ కెర్నెల్‌ని పిలవడం) మొదటి ఇన్‌స్ట్రక్షన్ దగ్గర కూడా. అప్పటికి మోడ్ కెర్నెల్‌ది, స్టాక్ మాత్రం ఇంకా యూజర్‌దే. అందుకని ఎన్ఎంఐకి ఐఎస్‌టీ (ఇంటరప్ట్‌కి వేరే స్టాక్ ఇచ్చే పట్టిక) ద్వారా ప్రతి కోర్‌కీ సొంత స్టాక్ ఉండాలి. పర్ సీపీయూ డేటా ఎక్కడుందో చూపే జీఎస్ బేస్ కూడా మారి ఉండకపోవచ్చు, సేవ్ అయిన కోడ్ సెగ్మెంట్ చూసి కెర్నెల్ మోడే కదా అని దాన్ని మార్చే స్వాప్‌జీఎస్ ఇన్‌స్ట్రక్షన్ వదిలేస్తే యూజర్ పాయింటర్‌ని మీ పర్ సీపీయూ డేటా అనుకుని చదివేస్తారు. హెక్స్ సీ0000101 ఎంఎస్ఆర్ చదివి, అది కెర్నెల్ అడ్రస్ అయితేనే స్వాప్ వద్దని నిర్ణయించండి. పేజ్ టేబుళ్లు యూజర్‌కీ కెర్నెల్‌కీ వేరుగా పెట్టుకుంటే పేజ్ టేబుల్ ఎక్కడుందో చూపే సీఆర్3 రిజిస్టర్‌కీ ఇదే పరిశీలన కావాలి.

రెండోది లాకులు. ఎన్ఎంఐ హ్యాండ్లర్ ఏ లాకూ తీసుకోకూడదు, ఎందుకంటే అది అడ్డుపడిన కోడ్ చేతిలోనే ఆ లాక్ ఉండొచ్చు, అప్పుడు ఆ కోర్ శాశ్వతంగా తనకోసం తనే ఎదురుచూస్తూ ఉండిపోతుంది. మెమరీ కేటాయింపు, ప్రింట్, థ్రెడ్‌ని లేపడం ఏవీ వద్దు. కోర్‌కి ఒకటి చొప్పున ముందే కేటాయించిన రింగ్ బఫర్‌లో శాంపిల్ రాసి వెళ్లిపోవాలి, చోటు లేకపోతే పోయిన శాంపిళ్ల లెక్క ఒకటి పెంచాలి. చదివే థ్రెడ్‌ని లేపాల్సి వస్తే తనకి తనే ఒక మామూలు ఇంటరప్ట్ పంపుకుని ఆ పని అందులో చేయించాలి.

మూడోది పేజ్ ఫాల్ట్. ఎన్ఎంఐ నడుస్తున్నంతసేపు ఇంకో ఎన్ఎంఐ రాకుండా హార్డ్‌వేర్ ఆపుతుంది, కానీ ఆ ఆపడం ఇంటరప్ట్ నుంచి వెనక్కి వెళ్లే ఐరెట్ ఇన్‌స్ట్రక్షన్‌తో తొలగిపోతుంది, ఎవరి ఐరెట్ అన్నది దానికి తెలీదు. మధ్యలో పేజ్ ఫాల్ట్ వచ్చి దాని హ్యాండ్లర్ ఐరెట్ చేస్తే, తర్వాతి ఎన్ఎంఐ వచ్చి అదే ఐఎస్‌టీ స్టాక్ పైనుంచి మొదలై మీ ఫ్రేమ్‌ని తుడిచేస్తుంది. యూజర్ స్టాక్ వెంట నడిచి కాల్ చెయిన్ తీయాలనే కోరిక మొదటి వెర్షన్‌లో పక్కన పెట్టండి, ఇన్‌స్ట్రక్షన్ పాయింటర్ ఒక్కటీ చాలు.

ఇంకొకటి, రెండు కౌంటర్లు దగ్గరదగ్గరగా నిండితే మొదటి ఎన్ఎంఐలోనే రెండింటినీ సర్దేస్తారు, వెనకే రెండో ఎన్ఎంఐ వచ్చి చూస్తే స్టేటస్ ఖాళీగా ఉంటుంది. దాన్ని తెలియని ఎన్ఎంఐ అని కెర్నెల్ పానిక్ చేయకండి. ఒకేసారి ఒకటికంటే ఎక్కువ సర్దిన వెంటనే వచ్చిన ఖాళీ ఎన్ఎంఐని ఒక్కసారికి మింగేయడం సరైన పద్ధతి.

శాంపిల్ పాయింటర్ అసలు ఇన్‌స్ట్రక్షన్ కంటే కొంచెం ముందుకు జారి ఉంటుందని కూడా గుర్తుంచుకోండి. ఫంక్షన్ స్థాయిలో నమ్మండి, ఒక్కో ఇన్‌స్ట్రక్షన్ స్థాయిలో నమ్మకండి. అంత ఖచ్చితంగా కావాలంటే పెబ్స్ (శాంపిల్‌ని హార్డ్‌వేరే రాసిపెట్టే ఇంటెల్ సదుపాయం) ఉంది, అది వేరే పెద్ద పని.

అడుగు 9: యూజర్ ప్రోగ్రామ్‌కి తలుపు తెరవడం

ఒకే సిస్కాల్ చాలు: ఈవెంట్, పీరియడ్, ఏ థ్రెడ్, కెర్నెల్ మోడ్ కలపాలా వద్దా అనే స్ట్రక్చర్ తీసుకుని ఒక ఫైల్ డిస్క్రిప్టర్ ఇవ్వాలి. స్ట్రక్చర్ మొదట్లోనే దాని సైజ్ పెట్టండి, రేపు ఫీల్డులు చేర్చాల్సి వస్తే పాత ప్రోగ్రాములు విరగవు. సీఆర్4 కంట్రోల్ రిజిస్టర్‌లో పీసీఈ బిట్ పెడితే యూజర్ కోడ్ ఆర్‌డీపీఎంసీ ఇన్‌స్ట్రక్షన్‌తో కౌంటర్‌ని నేరుగా చదవొచ్చు, వేగంగానే ఉంటుంది, కానీ ఇందాకటి మీటర్ పద్ధతిలో వేరే థ్రెడ్ల లెక్క కూడా కనిపిస్తుంది కాబట్టి ఇప్పుడే తెరవకండి.

యూజర్ ఇచ్చిన ప్రతి సంఖ్యనీ అనుమానించాలి. 2013లో లైనక్స్ పెర్ఫ్‌లో బయటపడిన సీవీఈ-2013-2094 అనే భద్రతా లోపం దీనికి మంచి పాఠం: యూజర్ పంపిన 64-బిట్ ఈవెంట్ నంబర్‌ని మైనస్ విలువలు కూడా పట్టే 32-బిట్ ఇంట్‌లో పెట్టారు, పై హద్దు మాత్రమే చూశారు, మైనస్ సంఖ్య ఆ తనిఖీ దాటిపోయి ఎరే (శ్రేణి) బయటి మెమరీని మార్చింది, మామూలు యూజర్ రూట్ అయిపోయాడు. కాబట్టి ముడి ఈవెంట్ తీసుకున్నా మీరు అనుమతించిన బిట్లు తప్ప మిగతావన్నీ తిరస్కరించండి. యూజర్, కెర్నెల్, ఇంటరప్ట్, ఎనేబుల్ బిట్లు కెర్నెల్ తనే పెట్టాలి, యూజర్ చేతికి ఇవ్వకూడదు. కెర్నెల్ మోడ్ లెక్కించే హక్కు అడ్మిన్‌కే ఉంచండి, క్యాష్ మిస్సుల లెక్కతో రహస్యాలు ఊహించగలరు. పీరియడ్‌కి కనీస హద్దు పెట్టకపోతే ఎవరైనా 10 అని ఇచ్చి కోర్‌ని ఎన్ఎంఐల్లో ముంచేస్తారు, నేను 10,000 కంటే తక్కువ ఒప్పుకోను.

చివరిగా అదే ల్యాప్‌టాప్‌లో లైనక్స్ బూట్ చేసి, అదే కోటి తిరుగుళ్ల లూప్‌ని యూజర్ ప్రోగ్రామ్‌గా పెర్ఫ్ స్టాట్ కింద, యూజర్ మోడ్ మాత్రమే లెక్కించమని నడపండి, మీ కెర్నెల్‌లోనూ అలాగే నడపండి. పెర్ఫ్ సంఖ్యలో ప్రోగ్రామ్ మొదలవడానికి అయ్యే ఇన్‌స్ట్రక్షన్లు కూడా కలుస్తాయి, కాబట్టి లూప్‌ని కోటిసార్లు, రెండు కోట్లసార్లు తిప్పి రెండింటి తేడా తీసి పోల్చండి. రెండు కెర్నెళ్లలోనూ ఆ తేడా 2 కోట్ల దగ్గరే ఉండాలి. మీది ఎక్కువొస్తే అడుగు 6కి వెళ్లి ఎక్కే రీడింగ్ ఎక్కడ తీసుకుంటున్నారో చూడండి, తక్కువొస్తే అడుగు 7లో కౌంటర్లు ఆపి తెరిచే వరస చూడండి.